రెండణాల టికెట్ అడిగిన దుర్గాబాయి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, పూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఇదివరకే రాసుకున్నాం. ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాద్దామని పూర్వ విద్యార్థులం అనుకున్నప్పుడు, ఆవిడకూ మన నూజివీడు హాస్టల్‌కూ సంబంధం ఏమిటని ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సాంఘిక సంక్షేమ హాస్టళ్ల మాట వస్తే మనకు ముందుగా గుర్తొచ్చేది ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆయన గురించి రాయాలంటే నాలుగు పేజీలు చాలవు, విడిగా ఒక సంచికే వేయాలి.

దుర్గాబాయి గారిని ఎంచుకోవడానికి కారణం వేరు. మనం సర్కారు అన్నం తిని, దాతలిచ్చిన నోటుబుక్కుల్లో లెక్కలు చేసుకుని పైకొచ్చినవాళ్లం. సాయం పుచ్చుకునే పిల్లవాడికి సాయం చేసేవాడి ముందు నోరు పెగలదు. మరి ఆ చేసే చేతులు ఎలాంటివో ఎవరు చూడాలి? ఆమె జీవితం చదువుతుంటే ఈ ప్రశ్నే చిన్ననాటి నుంచి చివరిదాకా మాకు కనిపించింది.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది చెడ్డ పనని ఎవరూ అనుకోలేదు, పిల్లకు మేలు చేస్తున్నామనే అనుకున్నారు. మేలు చేస్తున్నామనుకునే పెద్దలు పిల్లను ఒక్క మాట అడగకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు పుస్తకాలు చదివి తెలియలేదు, అనుభవంలో తెలిసింది. ఊహ తెలిశాక భర్త సుబ్బారావు గారితో ఈ కాపురం కుదరదని చెప్పి తప్పుకున్నారు. పుట్టింటివారు ఆమె పక్షాన నిలబడ్డారు. అప్పటి తెలుగునాట ఎంతమంది ఆడపిల్లలకు అలా నిలబడే పుట్టిల్లు ఉండేదో మనం ఆలోచించుకోవచ్చు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెడితే ఆ బడి మానేశారు. హిందీ నేర్చుకుని, ఇంకా పరికిణీ వయసులోనే బాలికల హిందీ పాఠశాల మొదలుపెట్టారు. అక్కడ చదువుకున్నవారిలో ఆమె తల్లి కూడా ఉన్నారు.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్లో పెద్దలంతా సభకు ఏర్పాట్లు చేస్తుంటే, చిన్నపిల్లగా ఉన్న దుర్గాబాయికి వేరే ఆలోచన వచ్చింది. ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయనను కలుసుకోవాలి, ఆయన మాట వినాలి. నిర్వాహకులు సులువుగా ఒప్పుకోలేదు. అయిదు వేల రూపాయల విరాళం పోగుచేస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలు కాదు. ఆ దేవదాసీ స్త్రీలే ఆ సొమ్ము సమకూర్చారు. కొద్ది నిమిషాలనుకున్న సమావేశం చాలాసేపు సాగింది. గాంధీజీ హిందీలో మాట్లాడుతుంటే తెలుగులో చెప్పింది దుర్గాబాయే.

ఇందులో మాకు బాగా పట్టిన సంగతి ఒకటుంది. దేవదాసీ అంటే దేవుడి పేరు చెప్పి చిన్నతనంలోనే ఇచ్చేసిన ఆడపిల్ల. అది పుణ్యకార్యమని ఇచ్చినవాళ్లూ అన్నారు, పుచ్చుకున్నవాళ్లూ అన్నారు. పిల్లల మీద జరిగే అన్యాయం ఎప్పుడూ అన్యాయం బోర్డు కట్టుకుని రాదు. దానంగా, ధర్మంగా, సేవగా వస్తుంది. ఆ వయసులో దుర్గాబాయి గారికి ఇదంతా తెలిసి ఉంటుందని మేము అనడం లేదు. కానీ ఊరు పక్కకు నెట్టిన స్త్రీలను ఆమె మరిచిపోలేదు. 27 ఏళ్ల తర్వాత, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో మనుషుల క్రయవిక్రయాలను నిషేధించే అధికరణం మీద చర్చ జరిగినప్పుడు, లేచి దేవదాసీ ఆచారం గురించీ, దాన్ని మాన్పడానికి మద్రాసు రాష్ట్రంలో తెచ్చిన చట్టం గురించీ మాట్లాడిన సభ్యురాలు ఆమే. ఆ అధికరణమే ఈనాటి 23వది. దాని పక్కనున్న 24వది 14 ఏళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంటుంది.

ఇక టికెట్ సంగతి. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. పక్కనే ఖద్దరు ప్రదర్శన ఏర్పాటు చేశారు. గుమ్మం దగ్గర వాలంటీరుగా దుర్గాబాయిని నిలబెట్టారు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు. టికెట్ లేదు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి, ఈయన ఎవరనుకున్నావని కోప్పడ్డారు. చెప్పిన పని చేస్తున్నానని ఆమె జవాబు. చివరికి వాళ్లే రెండణాలిచ్చి టికెట్ కొన్నాక గానీ నెహ్రూ గారు లోపలికి వెళ్లలేదు. ఆయన ఆ పిల్లను మెచ్చుకున్నారే తప్ప చిన్నబుచ్చుకోలేదు.

ఈ కథ చాలామందికి తెలిసిందే. ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. మేము మాత్రం ఇంకో రకంగా చదువుకున్నాం. నెహ్రూ గారు దొంగ అని ఆమె అనుకోలేదు. ఆయన మంచివారా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఎవరొచ్చినా అడగాలి, అంతే. పెద్దమనిషిని అడక్కుండా వదిలేస్తే, ఆ తర్వాత పెద్దమనిషిలా కనిపించే ప్రతివాడినీ వదలాల్సి వస్తుంది. మన వైపు తోటల్లో చూడండి. కాయ ముదిరే రోజుల్లో కాపలా గుడిసె లేని తోట ఉంటుందా? బంగినపల్లి తోటలోకి తెలిసినవాడు వచ్చినా ఏం పనిమీద వచ్చావని కాపలాదారు అడుగుతాడు. అడిగినందుకు ఎవరూ అలగరు. మామిడికాయకు ఉన్న ఆ పాటి కాపలా పిల్లలకు ఉండాలనడంలో తప్పేముంది?

మేము చదువుకునే రోజుల్లో జరిగింది ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒక వేసవి ముందు, పేరు అవసరం లేదు, ఏదో సేవాసంస్థ అంటూ వ్యాను వేసుకుని వచ్చారు. పళ్లాలు, నోటుబుక్కులు, రెండు బుట్టల రసాలు తెచ్చారు. మేమంతా సంబరపడ్డాం, అబద్ధమెందుకు. చిన్నపిల్లలను వరసగా నిలబెట్టి చొక్కాలు విప్పించి ఫోటోలు తీసుకున్నారు. కొన్ని నెలలకు ఒక కరపత్రం మా చేతికి వచ్చింది. అందులో మా స్నేహితుడి ఫోటో కింద తల్లీతండ్రీ లేని అనాథ అని అచ్చువేశారు. వాడి తల్లి అప్పుడు ఆగిరిపల్లి వైపు తోటలో కాయ ఏరుకుంటూ కూలి చేస్తోంది. వాడు ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచాడు, తల్లికి చూపించలేదు. ఆ సంస్థవాళ్లే మళ్లీ వచ్చి, ఇద్దరు పిల్లలను తీసుకెళ్లి పట్నంలో చదివిస్తామన్నారు. అప్పటి మా వార్డెన్ గారు మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మీ సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం, పిల్లల తల్లిదండ్రుల సంతకం, మా శాఖ అనుమతి, ఈ మూడూ తెండి అన్నారు. వాళ్లు మళ్లీ రాలేదు. వాళ్లు మంచివాళ్లే అయి ఉండొచ్చు. ఆ ఇద్దరు పిల్లలూ ఈరోజు ఈ సంచికకు చందా పంపినవాళ్లలో ఉన్నారు.

దుర్గాబాయి గారి కథకు వద్దాం. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో అరెస్టయ్యారు. వెల్లూరు, మధుర జైళ్లు చూశారు. మధురలో ఒంటరి కొట్లో పెట్టడంతో ఆరోగ్యం దెబ్బతింది. వెల్లూరులో నేరాలు చేశామని శిక్ష పడిన స్త్రీలతో మాట్లాడారు. కోర్టులో తమను ఏమడిగారో, తాము దేనికి తలూపామో వాళ్లలో చాలామందికి తెలియదు. లాయరు కావాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు! బయటికొచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టి, బెనారస్ విశ్వవిద్యాలయం పరీక్షలు ప్రైవేటుగా రాసి ప్యాసయ్యారు.

ఈ తర్వాతి ఘట్టం హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవాల్సింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ సీటు అడిగితే, అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనుక ఇవ్వలేమన్నారు. ఆమె ఊరుకోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే రాయమని పత్రికల్లో ప్రకటన వేయించారు. ఉత్తరాలు వచ్చాయి. ఆ అమ్మాయిలను కూడగట్టుకుని వాల్తేరులో తామే వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఇక కాదనడానికి విశ్వవిద్యాలయానికి కారణం మిగల్లేదు. హాస్టల్ అంటే మనకు పప్పు పల్చనయిందన్న ఫిర్యాదు, స్టడీ అవర్‌లో కునికిపాట్లు. ఒక గది, ఒక తలుపు, దానికో గడియ ఉంటే తప్ప ఆడపిల్లకు చదువే లేని రోజులు అవి. తలుపుకు గడియ లేని బాత్‌రూములున్న ఆడపిల్లల హాస్టళ్లు నిన్నమొన్నటి దాకా మనమూ చూశాం.

1939లో ఆనర్స్, ఆ తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి 1942లో అడ్వొకేటుగా చేరారు. అంతకుముందే, 1937లో, మైలాపూరులో చిన్నపిల్లలతో మొదలైన చిన్న సంఘమే ఆంధ్ర మహిళా సభగా పెరిగింది. మెట్రిక్ పరీక్షకు ఆడపిల్లలను తయారుచేయడంతో మొదలై, హాస్టళ్లు, ఆసుపత్రులు, కళాశాలల దాకా ఎదిగింది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. ఈ సంవత్సరాలను త్వరగా దాటేస్తున్నాం, ఎందుకంటే మా విషయానికి అసలైన భాగం ఆ ఏడాది ఆగస్టులో మొదలవుతుంది.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి గారు తొలి అధ్యక్షురాలు. పేరు మన శాఖ పేరులాగే ఉన్నా పని వేరు. దేశమంతటా అనాథాశ్రమాలు, శరణాలయాలు, బాలవాడీలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సొమ్ము అందించడం దాని పని. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందుకు 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అప్పటిదాకా అనాథాశ్రమం పెట్టడానికి మంచి మనసుంటే చాలనుకునేవారు. చందాలు ఎంత వచ్చాయి, పిల్లలకు ఎంత పెట్టారు, రాత్రిళ్లు పిల్లల దగ్గర ఎవరుంటున్నారు అని అడిగే నాథుడు లేడు. ప్రభుత్వ డబ్బు ఇచ్చేటప్పుడు సంస్థను చూసి రావాలి, లెక్క చూడాలి. సేవ చేసేవాళ్లను ప్రశ్నించడం పాపం కాదని, అది కూడా సేవలో భాగమేనని ఆ పద్ధతి వల్ల కొంతైనా అలవాటయింది.

1954లో బోర్డు రెండు సలహా సంఘాలను వేసింది. ఒకటి వ్యభిచారంలోకి దించబడే స్త్రీలు, బాలికల సమస్య మీద. రెండోది శరణాలయాల నుంచి, నిర్బంధ సంస్థల నుంచి బయటికొచ్చాక మనుషులు ఏమవుతున్నారనే దాని మీద. ఈ రెండో ప్రశ్న ఎంత గొప్పదో మనకు తెలుసు. పదో తరగతి అయిపోయి, మే నెలలో పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు దాటిన రోజు మనలో ఎంతమందికి ఎక్కడికెళ్లాలో తెలుసు? ఆ సందులోనే దళారులు నిలబడి ఉంటారు.

ఆ తర్వాత 1956లో పార్లమెంటు స్త్రీలు, బాలల సంస్థల లైసెన్సింగ్ చట్టం చేసింది. స్త్రీలనూ పిల్లలనూ ఉంచుకునే సంస్థ నడపాలంటే లైసెన్సు ఉండాలని ఆ చట్టం చెప్పింది. 1960లో అనాథాశ్రమాలు, ధర్మాశ్రమాల పర్యవేక్షణ చట్టం వచ్చింది. ఇవి ఆమె ఒక్కరి చలవ అని మేము అనం. ఎందరో కష్టపడ్డారు. కానీ కాకినాడ గుమ్మం దగ్గర అడిగిన టికెట్టుకూ ఈ లైసెన్సుకూ చుట్టరికం ఉందనిపిస్తుంది.

చట్టం రావడం వేరు, నడవడం వేరు. లైసెన్సు లేని ఆశ్రమాలు ఆ తర్వాత కూడా వందల్లో నడిచాయి. ఇంకో లోపమూ ఉంది. దుర్గాబాయి గారంటే ఎంత గౌరవమున్నా ఇది చెప్పక తప్పదు. ఆ తరం ఎక్కువగా సంస్థలను చూసింది, అంటే భవనం, లెక్కలు, నిర్వాహకుల పరువు. పిల్లవాణ్ణి పక్కకు పిలిచి నీకిక్కడ ఎలా ఉందిరా అని అడిగే పద్ధతి ఇంకా రాలేదు. 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్ వసతిగృహం సంగతి బయటపడింది. ప్రభుత్వ నిధులతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలికల గృహం అది. అధికారులు వచ్చి తనిఖీ చేసి వెళ్తూనే ఉన్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం వెళ్లి ఆ బాలికలతో కూర్చుని మాట్లాడాక గానీ అక్కడ జరుగుతున్న అత్యాచారాలు లోకానికి తెలియలేదు. 2020లో ఢిల్లీ కోర్టు నిర్వాహకుడితో సహా పలువురికి శిక్ష వేసింది.

ఇది బీహార్ జబ్బు మాత్రమే కాదు. 2002లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల శరణార్థి శిబిరాల్లో, తిండి గింజలు పంచే సహాయ సంస్థల మనుషులే ఆ గింజలను ఆశచూపి ఆడపిల్లలను లొంగదీసుకుంటున్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, సేవ్ ది చిల్డ్రన్ సంస్థ కలిసి బయటపెట్టాయి. పేరున్న సంస్థలు, దేశదేశాల విరాళాలు. 2003లో ఐక్యరాజ్యసమితి తన సిబ్బందికి 18 ఏళ్ల లోపు వారి విషయంలో కచ్చితమైన నిషేధం విధించింది. అన్నం గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు ఆకలిగొన్న పిల్లల మీద అధికారం వస్తుంది. ఆ అధికారానికి ఊరుపేరు ఉండదు.

దుర్గాబాయి గారు 1962 దాకా బోర్డు బాధ్యతల్లో ఉన్నారు. మధ్యలో స్త్రీవిద్యపై జాతీయ సంఘానికి అధ్యక్షత వహించారు. అంధుల కోసం హాస్టల్‌తో కూడిన పాఠశాల పెట్టించారు. కుటుంబ తగాదాలను మామూలు కోర్టుల్లో నలపకుండా, భార్యలూ పిల్లలూ భయపడకుండా మాట్లాడగలిగే ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని, విదేశాల్లో చూసొచ్చిన దాన్ని బట్టి 1953 నుంచీ చెబుతూ వచ్చారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అది చూడడానికి ఆమె లేరు.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మా కాలంలో ఇవి మాకెవరూ చెప్పలేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు పోతుందని దాచిపెట్టిన పెద్దలకు కూడా శిక్ష ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే గృహాలు ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా రిజిస్టరు కావాలి. 1098 నంబరుకు ఏ ఫోన్ నుంచైనా ఉచితంగా చేయవచ్చు. పేరు చెప్పడానికి భయమైతే ముందు జరిగింది చెప్పండి. వచ్చినవాళ్లు ఎంత మంచి బహుమతి తెచ్చినా, ఒంటరిగా వాళ్లతో బయటికి రానని అనొచ్చు. ఫోటో వద్దని అనొచ్చు. అలా అన్నందుకు విశ్వాసం లేనివాడివని ఎవరైనా అంటే, అన్నవాళ్లను మా దగ్గరకు పంపండి.

ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థుల కమిటీ తరఫున హాస్టల్‌కు గోడ గడియారం, రెండు సీలింగ్ ఫ్యాన్లు, ఒక లావుపాటి రిజిస్టరు ఇస్తున్నాం. రిజిస్టరులో గళ్లు మేమే గీయించాం: వచ్చినవారి పేరు, ఊరు, ఎవరి అనుమతితో వచ్చారు, ఏ పిల్లలను కలిశారు, ఎవరి సమక్షంలో, ఫోటోలు తీశారా, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం. వార్డెన్ గారి బల్ల మీద కాకుండా గేటు దగ్గర వాచ్‌మెన్ స్టూలు పక్కన పెట్టమని అడిగాం, ఆయన సరేనన్నారు. ఆరోజు సభకు వచ్చే పూర్వ విద్యార్థులందరూ, ఉద్యోగం ఎంత పెద్దదైనా, ముందు అందులో రాసి లోపలికి రావలసిందిగా మనవి. పెన్ను తాడుతో కట్టి ఉంటుంది.